వాల్వు ఆంప్లిఫయర్‌కి గండం కరెంటు తిరిగొచ్చినప్పుడే

ఎండాకాలం గాలివానలు మొదలైన రోజుల్లో వరంగల్ నుంచి ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. సొంతంగా కట్టుకున్న స్టీరియో వాల్వు ఆంప్లిఫయర్ అతనిది, అంటే ట్రాన్సిస్టర్ల బదులు పాతకాలపు గాజు వాల్వులతో పాటని పెద్దది చేసే పెట్టె. ఒక్కో ఛానల్‌కి స్పీకర్‌ని నడిపే ఈఎల్ 84 వాల్వులు రెండు, వాటి ముందు సన్నని సిగ్నల్‌ని పెంచే ఈసీసీ 83లు, ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్‌గా జీజెడ్ 34 వాల్వు.

"సార్, థర్మిస్టర్ పెట్టాను. స్లో బ్లో ఫ్యూజే వేశాను. అయినా రెక్టిఫయర్ లోపల మెరుపు కొట్టి ఫ్యూజు పోయింది. ఆన్ చేసేటప్పుడు వచ్చే సర్జ్‌కి థర్మిస్టర్ చాలన్నారు కదా అందరూ?"

"అప్పుడు మీ ఇంట్లో కరెంటు పోయి వచ్చిందా?" అని అడిగాను.

"గాలివాన కదా సార్. పోవడం, రావడం, మళ్ళీ పోవడం, మళ్ళీ రావడం."

థర్మిస్టర్ అంటే చల్లగా ఉన్నప్పుడు కరెంటుని అడ్డుకుని, వేడెక్కాక వదిలేసే నిరోధం. స్లో బ్లో ఫ్యూజు అంటే క్షణకాలం దూకే కరెంటుకి పోనిది. ఆన్ చేసిన క్షణంలో ఒక్కసారిగా దూకే కరెంటు, అంటే సర్జ్, గురించి ఇంటర్నెట్లో దొరికే సలహాల్లో చాలావరకు ఒకే రకం మనిషిని ఊహించుకుని రాసినవి. అతను సాయంత్రం ఇంటికొచ్చి, చల్లగా ఉన్న ఆంప్లిఫయర్‌కి స్విచ్ వేసి, పాటలు విని, రాత్రి ఆపేసి పడుకుంటాడు. మధ్యలో కరెంటు పోదు. అతనికి ఆ సలహాలు సరిపోతాయి. మన దగ్గర మాత్రం వాల్వులకీ రెక్టిఫయర్లకీ ఎక్కువ హాని చేసేది సాయంత్రం మనం చేత్తో వేసే మొదటి స్విచ్ కాదని నా అభిప్రాయం. పాట నడుస్తుండగా కరెంటు పోయి, కొన్ని సెకన్లలో దానంతటది తిరిగొచ్చినప్పుడు జరిగేదే అసలు దెబ్బ. ఆ దెబ్బకి థర్మిస్టర్ అడ్డుపడలేదు. అడ్డుపడగలిగే పనిముట్టు మన పొలాల్లో మోటారు పక్కన ఎన్నో ఏళ్ళుగా ఉంది. దాన్ని మనం ఆంప్లిఫయర్ల దాకా తెచ్చుకోలేదు.

మూడు దూకుళ్ళు, మూడు వేళలు

"సర్జ్" అని ఒకే మాటతో అనేస్తాం గానీ, వాల్వు ఆంప్లిఫయర్‌లో అవి మూడు. మూడింటినీ కలిపేసి మాట్లాడటం వల్లే ఇంత గందరగోళం.

మొదటిది హీటర్లది, అంటే వాల్వుని లోపల వేడిచేసే తీగలది. టంగ్‌స్టన్ తీగ చల్లగా ఉన్నప్పుడు నిరోధం బాగా తక్కువ. ఈఎల్ 84 హీటరు వేడెక్కాక 6.3 వోల్టుల దగ్గర 0.76 ఆంపియర్లు తీసుకుంటుంది, అంటే ఎనిమిది ఓంలకి కాస్త పైన. అదే వాల్వు చల్లగా ఉన్నప్పుడు మల్టీమీటర్ పెడితే రెండు ఓంల లోపే చూపిస్తుంది. కాబట్టి మొదటి క్షణంలో మామూలు కంటే నాలుగైదు రెట్లు కరెంటు అడుగుతుంది. కొన్ని పాత ముల్లార్డ్ కంపెనీ ఈసీసీ 83ల్లో స్విచ్ వేయగానే అడుగున తీగ తెల్లగా ఒక్క మెరుపు మెరుస్తుంది. కొత్తగా కొన్నవాళ్ళు అది చూసి టెన్షన్ పడిపోతారు. తొడుగు లేకుండా బయటికున్న తీగ ముక్క మిగతా దానికంటే ముందే వేడెక్కడం వల్ల వచ్చే మెరుపు అది. అలా మెరుస్తూనే దశాబ్దాలు పనిచేసిన వాల్వులున్నాయి.

రెండోది ట్రాన్స్‌ఫార్మర్ కోరుది, అంటే తీగ చుట్టిన ఇనుప భాగానిది. మెయిన్స్ తరంగం సున్నా దాటుతున్న క్షణంలో స్విచ్ పడితే అది అధ్వాన్నం. కోరులో అయస్కాంత ప్రవాహం మామూలు గరిష్ఠానికి రెట్టింపు దాకా పోబోతుంది, కోరు సంతృప్తమైపోతుంది, అంటే అంతకంటే పట్టలేదు, ఇక కరెంటుని ఆపేది మెయిన్స్‌కి తగిలే ప్రైమరీ తీగ నిరోధమూ, ఇంటి వైరింగూ మాత్రమే. గుండ్రటి కోరున్న టొరాయిడ్ ట్రాన్స్‌ఫార్మర్‌లో ప్రైమరీ నాలుగు ఓంలుంటే, 230 వోల్టుల మెయిన్స్ శిఖరం 325 వోల్టులు కాబట్టి, లెక్క ప్రకారం 80 ఆంపియర్ల దాకా పోవచ్చు. నిజంగా అంత పోదు. అయినా, రేటింగుకి మూడు నుంచి ఐదు రెట్లకే పడిపోయే బీ రకం ఎంసీబీని పడగొట్టడానికి అందులో సగం కూడా అక్కర్లేదు. ఈ, ఐ ఆకారపు రేకులు పేర్చిన పాత ఈఐ కోరు ట్రాన్స్‌ఫార్మర్లలో ఆ రేకుల అతుకుల దగ్గర సన్నని ఖాళీలుంటాయి, తీగ నిరోధమూ ఎక్కువ, కాబట్టి ఇంత గొడవ ఉండదు.

మూడోది కెపాసిటర్లది, అంటే రెక్టిఫయర్ తర్వాత చార్జి నిలవుంచి డీసీని నునుపు చేసేవాటిది. ఖాళీగా ఉన్న ఫిల్టర్ కెపాసిటర్ మొదటి క్షణంలో షార్ట్ లాంటిదే.

ఇవి ఒకేసారి రావు, అన్ని సందర్భాల్లోనూ రావు. జీజెడ్ 34 ఉన్న ఆంప్లిఫయర్‌ని చల్లగా ఆన్ చేసినప్పుడు హీటర్ల దూకుడు ఉంటుంది, కోరుది ఉంటుంది, కెపాసిటర్లది దాదాపు ఉండదు. ఎందుకంటే జీజెడ్ 34లో ఎలక్ట్రాన్లు వదిలే భాగమైన క్యాథోడ్ వేడెక్కడానికే పది సెకన్లకు పైగా పడుతుంది. వేడెక్కుతూ కొంచెం కొంచెంగా కరెంటు వదులుతుంది, హై వోల్టేజీ మెల్లగా పైకి లేస్తుంది, ఈలోపు ఈఎల్ 84లు కూడా సిద్ధమవుతాయి. చల్లని స్టార్ట్‌లో వాల్వు రెక్టిఫయర్‌కి మించిన సాఫ్ట్ స్టార్ట్, అంటే మెల్లగా మొదలుపెట్టే ఏర్పాటు, లేదని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను.

అదే ఆంప్లిఫయర్‌కి నడుస్తుండగా ఐదు సెకన్లు కరెంటు తీసి మళ్ళీ ఇస్తే లెక్కంతా తిరగబడుతుంది.

ఆ కొన్ని సెకన్లలో లోపల జరిగేది

ఆ కుర్రాడి ఆంప్లిఫయర్‌నే తీసుకుందాం. నాలుగు ఈఎల్ 84లు కలిసి 160 మిల్లీ ఆంపియర్ల దాకా లాగుతాయి. హై వోల్టేజీ 320 వోల్టులు, ఫిల్టర్ కెపాసిటర్లు మొత్తం 100 మైక్రోఫారడ్లు అనుకుందాం. కరెంటు పోగానే మెయిన్స్ ఆగింది గానీ వాల్వుల క్యాథోడ్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. అవి కెపాసిటర్లలో ఉన్నదంతా తాగేస్తాయి. కరెంటు అంతే నిలకడగా సాగితే సెకనులో అయిదో వంతుకే ఖాళీ అయిపోవాలి. వోల్టేజీ పడేకొద్దీ కరెంటు కూడా తగ్గుతుంది కాబట్టి ఇంకొంచెం ఎక్కువ పడుతుంది. ఎలా చూసినా, ఒకటి రెండు సెకన్లలో కెపాసిటర్లలో చెప్పుకోదగ్గ చార్జి మిగలదు.

మరి జీజెడ్ 34 క్యాథోడ్? అది చల్లారడానికి ఇంకా చాలా సమయం ఉంది. ఐదు సెకన్ల తర్వాత కూడా బాగానే ఎలక్ట్రాన్లు ఇవ్వగలదు.

ఈ స్థితిలో కరెంటు తిరిగొస్తే ఒకవైపు ఖాళీ కెపాసిటర్లు, ఇంకోవైపు వేడి రెక్టిఫయర్, మధ్యలో ఆపేదేమీ లేదు. 300 వోల్టుల సెకండరీ, అంటే ట్రాన్స్‌ఫార్మర్ బయటికిచ్చే చుట్ట, శిఖరం 424 వోల్టులు. ట్రాన్స్‌ఫార్మర్ వైపు నుంచి కనిపించే మొత్తం నిరోధం 50 ఓంలైతే ఎనిమిది ఆంపియర్లకు పైగా పోవడానికి దారి ఉంది. వాల్వు తన శక్తి కొద్దీ అందులో ఎంత ఇవ్వగలిగితే అంతా ఇచ్చేస్తుంది. జీజెడ్ 34కి మామూలు పనిలో అనుమతించిన శిఖర కరెంటు ముప్పావు ఆంపియరే. క్యాథోడ్ మీది ఆక్సైడ్ పూత అంత దెబ్బకి ఊడి రాలితే లోపల ఆర్క్ పడుతుంది. కుర్రాడు చూసిన మెరుపు అదే.

వాల్వులు తయారుచేసినవాళ్ళకి ఇది తెలియని విషయం కాదు. అమెరికన్ డేటాషీట్లలో, అంటే తయారీదారు వివరాల పత్రాల్లో, రెక్టిఫయర్లకి వేడి స్థితిలో స్విచ్ వేసినప్పటి కరెంటుకి విడిగా పరిమితి ఇచ్చేవారు. జీజెడ్ 34 డేటాషీటులో మొదటి కెపాసిటర్ 60 మైక్రోఫారడ్లు మించకూడదని ఉంది. ఒక్కో యానోడ్‌కి, అంటే ఎలక్ట్రాన్లు చేరే పలకకి, కనీసం ఎంత నిరోధం ఉండాలో కూడా ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీ పెరిగేకొద్దీ ఆ కనీస నిరోధమూ పెరుగుతుంది. కట్టేవాళ్ళలో చాలామంది 60 మైక్రోఫారడ్ల సంగతి గుర్తుపెట్టుకుంటారు, నిరోధం సంగతి వదిలేస్తారు. నా దృష్టిలో రెండోదే ముఖ్యం.

ఇప్పుడు థర్మిస్టర్. సీఎల్-90 లాంటిది గది వేడిమిలో 120 ఓంలు. కరెంటు పారుతూ వేడెక్కితే కొన్ని ఓంలకి పడిపోతుంది. చల్లగా ఉన్నప్పుడు మెయిన్స్ శిఖరాన్ని మూడు ఆంపియర్ల లోపు కట్టిపడేస్తుంది, చాలా మంచి పని. కానీ పాట నడుస్తున్నంతసేపూ అది చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటుంది. కరెంటు పోయాక పూర్తిగా చల్లారడానికి నిమిషం పైనే కావాలి. ఐదు సెకన్లలో కరెంటు తిరిగొస్తే అది ఇంకా వేడిగానే, అంటే దాదాపు తీగ ముక్కలాగే, ఉంటుంది.

కాబట్టి జీజెడ్ 34 ఉన్న ఆంప్లిఫయర్‌లో థర్మిస్టర్, పెద్ద ప్రమాదం లేని చల్లని స్టార్ట్‌లో కాపలా కాస్తుంది. పెద్ద ప్రమాదం ఉన్న వేడి స్టార్ట్‌లో ఉండదు. నేను దాన్ని తీసిపారేయమనట్లేదు. "థర్మిస్టర్ పెట్టావుగా, ఇంకేం కాదు" అనే భరోసా మాత్రం ఇవ్వకండి. ఆ భరోసా నమ్మే ఆ కుర్రాడు వాల్వు పోగొట్టుకున్నాడు.

"మా తాత రేడియోకి ఇవేవీ లేవు"

ఈ మాట నాకు తరచుగా ఎదురవుతుంది, దీన్ని తేలిగ్గా తీసేయలేను. మర్ఫీ, బుష్, ఫిలిప్స్ వాల్వు రేడియోలు మన ఊళ్ళలో ఇప్పటికంటే ఘోరమైన కరెంటు మీద ఏళ్ళ తరబడి నడిచాయి. వాటికి టైమర్లు లేవు, రిలేలు లేవు.

నా సమాధానం ఏమిటంటే, ఆ రేడియోల్లో రక్షణ విడిగా ఒక భాగంగా లేదు, కట్టుబడిలోనే ఉంది. కండెన్సర్లు, అంటే కెపాసిటర్లు, చిన్నవి. 1953లో వచ్చిన క్వాడ్ టూ లాంటి పేరున్న ఆంప్లిఫయర్‌లో కూడా జీజెడ్ 32 రెక్టిఫయర్ తర్వాత ఉన్నవి 16 మైక్రోఫారడ్ల కండెన్సర్లే. 400 వోల్టుల దగ్గర 16 మైక్రోఫారడ్లలో నిలిచే శక్తి 1.28 జౌళ్ళు. ఇప్పుడు చవగ్గా దొరుకుతున్నాయని 220 మైక్రోఫారడ్లు వేస్తే 17.6 జౌళ్ళు. పద్నాలుగు రెట్లు తేడా. పాత ట్రాన్స్‌ఫార్మర్లకి సన్నని తీగ, ఎక్కువ నిరోధం. ఇప్పటి టొరాయిడ్లకి లావు తీగ, తక్కువ నిరోధం. పాతవాళ్ళ సర్క్యూట్ పటాన్ని చూసి వాల్వులు మాత్రం అలాగే పెట్టి, ట్రాన్స్‌ఫార్మర్‌నీ కెపాసిటర్లనీ "మెరుగు" పరిస్తే, ఆ పటంలో రాయకుండా ఉన్న రక్షణ కాస్తా పోతుంది.

హీటర్లన్నీ వరసగా, అంటే సిరీస్‌లో, కట్టిన సెట్లలో అప్పటివాళ్ళు కూడా జాగ్రత్త పడ్డారు. 300 మిల్లీ ఆంపియర్ల హీటర్ వరసలున్న బ్రిటిష్ సెట్లలో బ్రిమిస్టర్ పేరుతో థర్మిస్టర్లు ఉండేవి. జర్మన్ రేడియోల్లో అంతకంటే ముందే యురేనియం డయాక్సైడ్‌తో చేసిన ఉర్‌డాక్స్ నిరోధాలు వచ్చాయి. అమెరికాలో టీవీల కోసం హీటర్లన్నీ పదకొండు సెకన్లలో సమానంగా వేడెక్కేలా వాల్వులే మార్చి చేశారు, 6ఎస్ఎన్7జీటీబీ అనే వాల్వు పేరు చివర్లో ఉన్న బీ అక్షరం అందుకే. సిరీస్ వరసలో ముందుగా వేడెక్కిన వాల్వు మీద వోల్టేజీ అంతా పడుతుంది, అది నిజమైన ప్రమాదం. మన ఆంప్లిఫయర్లలో హీటర్లు 6.3 వోల్టుల మీద సమాంతరంగా ఉంటాయి. అక్కడ హీటర్ల దూకుడుకి ట్రాన్స్‌ఫార్మర్ వైండింగే కళ్ళెం వేస్తుంది. అందుకే హీటర్ల గురించి నేను పెద్దగా బెంగపడను.

ఇంకో వాదన: "అసలు ఆపనే ఆపకు, ఆన్ చేసినప్పుడే వాల్వులు పోతాయి." దీనికి పెద్ద ఆధారమే చూపిస్తారు. బ్రిటన్ పోస్టాఫీసు పరిశోధనశాలలో పనిచేసిన టామీ ఫ్లవర్స్ 1943లో జర్మన్ రహస్య సందేశాలు విప్పే కొలోసస్ యంత్రాన్ని కట్టేటప్పుడు దాదాపు 1,600 వాల్వులు వాడాడు. అన్ని వాల్వులు కలిసి పనిచేయవని చాలామంది అన్నారు. నిరంతరం వెలుగుతూ ఉంచితే వాల్వులు నమ్మకంగా పనిచేస్తాయని ఆయన టెలిఫోన్ పరికరాల అనుభవంతో గట్టిగా చెప్పాడు, నిరూపించాడు కూడా. అమెరికాలో సుమారు 18,000 వాల్వులున్న తొలి తరం కంప్యూటర్ ఎనియాక్‌లో కూడా ఎక్కువ వాల్వులు వేడెక్కేటప్పుడూ చల్లారేటప్పుడూ పోయేవని దాన్ని ఆపకుండా నడిపేవారు. ఇవన్నీ నిజాలే. కానీ వేల వాల్వుల్లో ఏ ఒక్కటి పోయినా లెక్క తప్పే యంత్రం వేరు, పది వాల్వులున్న మన ఆంప్లిఫయర్ వేరు. ఇంట్లో 24 గంటలూ వంద వాట్లు కాలుస్తూ, మనిషి లేని వేళ 320 వోల్టులు లోపల పెట్టుకుని ఉంచమని నేను ఎవరికీ చెప్పను. పైగా ఆపకుండా ఉంచితే, మనం లేనప్పుడు కరెంటు పోయి వచ్చే సందర్భాలన్నీ దాని నెత్తినే పడతాయి. తప్పించుకుందామనుకున్న దెబ్బే ఇంకా ఎక్కువసార్లు తగులుతుంది.

స్టాండ్‌బై స్విచ్ గురించి

గిటార్ ఆంప్లిఫయర్ల నుంచి వచ్చిన అలవాటు ఇది. ముందు హీటర్లు వేడెక్కనివ్వాలి, తర్వాత స్టాండ్‌బై స్విచ్‌తో హై వోల్టేజీ ఇవ్వాలి, లేకపోతే క్యాథోడ్ పూత ఊడిపోతుందంటారు. మనం వాడే చిన్న వాల్వుల్లో, ఈ వోల్టేజీల దగ్గర, చల్లని క్యాథోడ్ అలా ఊడిపోతుందనడానికి నాకు గట్టి ఆధారం కనబడలేదు.

రెక్టిఫయర్‌కీ మొదటి కెపాసిటర్‌కీ మధ్య ఈ స్విచ్ పెట్టినవాళ్ళు ఏం చేస్తున్నట్టు? జీజెడ్ 34ని పూర్తిగా వేడెక్కనిచ్చి, అప్పుడు ఖాళీ కెపాసిటర్‌ని దానికి తగిలిస్తున్నారు. పైన చెప్పిన గాలివాన దెబ్బని ప్రతి సాయంత్రం చేత్తో పెడుతున్నారు. హైదరాబాద్‌లో ఒక స్నేహితుడి ఇంట్లో స్విచ్ వేసినప్పుడల్లా రెక్టిఫయర్‌లో సన్నటి నీలి మెరుపు కనిపించేది. ఆ స్విచ్‌ని శాశ్వతంగా కలిపేసి టంకం పెట్టమన్నాను. ఆయన పెట్టాడు, మెరుపు మళ్ళీ కనబడలేదు. వాల్వు రెక్టిఫయర్ ఉన్నచోట స్టాండ్‌బై స్విచ్ అవసరం లేదు. ఉంటే హానే ఎక్కువ.

సిలికాన్ డయోడ్లతో కట్టినవాళ్ళ పరిస్థితి కాస్త వేరు. 1ఎన్4007 డయోడ్ ఒక్క అర్ధతరంగానికి 30 ఆంపియర్ల దాకా తట్టుకుంటుంది, కాబట్టి రెక్టిఫయర్ మీద బెంగ లేదు. వాళ్ళు చూసుకోవాల్సింది కెపాసిటర్ల రేటింగు. వాల్వులు వేడెక్కేదాకా లోడు ఉండదు, 300 వోల్టుల సెకండరీ మీద పూర్తిగా 424 వోల్టులు నిలబడతాయి. రాత్రిపూట మెయిన్స్ 250కి పోతే అదే 461 అవుతుంది. 450 వోల్టుల కెపాసిటర్ వేసి నిశ్చింతగా కూర్చునేవాళ్ళు ఒకసారి ఈ లెక్క వేసుకోవాలి.

పొలంలో ఉన్న సమాధానం

విజయవాడలో చాలా ఏళ్ళు రేడియోలు బాగుచేసిన ఒక పెద్దాయన దగ్గర నేను ఈ విద్య కొంత నేర్చుకున్నాను. రిపేరు చేసిన ఏ సెట్టునైనా ఆయన ముందు మెయిన్స్‌తో వరసలో కట్టిన సిరీస్ బల్బు మీద పెట్టి చూసేవాడు. బల్బు పూర్తిగా వెలిగితే లోపల షార్ట్, ఒక్కసారి వెలిగి మందగిస్తే సెట్టు బాగున్నట్టు. పని మధ్యలో కరెంటు పోతే ఆయన చేసే మొదటి పని బెంచీ మీదున్న ప్లగ్గులన్నీ పీకెయ్యడం. "కరెంటు పోతే ముందు ప్లగ్గు పీకు నాయనా, తర్వాత కొవ్వొత్తి వెతుక్కో" అనేవాడు. డేటాషీటు పట్టికలు చదివి చెప్పిన మాట కాదు, ఎన్నో రెక్టిఫయర్లు మార్చిన చేతులతో చెప్పిన మాట.

ఆ ప్లగ్గు పీకే పని ఒక పరికరం చేయాలి. మన రైతులందరికీ తెలిసిన స్టార్టర్ డబ్బా చేసేది అదే. ఆకుపచ్చ బటన్ నొక్కితే లోపల కాయిల్ లాగి కాంటాక్టులు పడతాయి, కాయిల్‌కి కరెంటు ఆ కాంటాక్టు మీదుగానే అందుతూ ఉంటుంది. కరెంటు పోతే కాయిల్ వదిలేస్తుంది. తిరిగొచ్చినా, మనిషి వచ్చి మళ్ళీ ఆకుపచ్చ బటన్ నొక్కేదాకా మోటారు కదలదు. ఎర్ర బటన్ నొక్కితే ఆగిపోతుంది.

పొలానికి రాత్రిపూట వెళ్ళి బటన్ నొక్కలేక రైతులు ఆటో స్టార్టర్లు పెట్టుకున్నారు. వాళ్ళ బాధ వాళ్ళది, కరెంటు ఎప్పుడొస్తుందో తెలియనప్పుడు ఇంకేం చేస్తారు? కానీ కరెంటు రాగానే ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న మోటార్లన్నీ ఒక్కసారే లేచేవి. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇవ్వబోయే ముందు ఆటో స్టార్టర్లు తీసేయమని ఊరూరా ప్రచారం చేశారు. భూగర్భ జలాలు అడుగంటకుండా చూడటం అందులో పెద్ద కారణం. మామూలు రాకర్ స్విచ్ ఉన్న మన ఆంప్లిఫయర్లన్నీ ఆటో స్టార్టర్ పెట్టిన మోటార్లే. కరెంటు రావడమే ఆలస్యం, ఏ స్థితిలో ఉన్నా లేచిపోతాయి.

ఆంప్లిఫయర్‌కి కావలసింది 230 వోల్టుల ఏసీ కాయిల్ ఉన్న ఒక చిన్న కాంటాక్టర్ లేదా మంచి రిలే (స్టార్టర్ డబ్బాలోలాగే కాయిల్ లాగితే కలిసే స్విచ్), నొక్కితే కలిసే బటన్ ఒకటి, నొక్కితే విడిపోయే బటన్ ఒకటి. స్టార్ట్ బటన్‌కి సమాంతరంగా రిలే సొంత కాంటాక్టు, వాటితో వరసలో స్టాప్ బటన్. కోఠీ గుజరాతీ గల్లీలోనో, మీ ఊరి మోటారు వైండింగ్ షాపు పక్కన ఎలక్ట్రికల్ దుకాణంలోనో ఈ సామాను దొరుకుతుంది. మెయిన్స్ వైరింగ్ కాబట్టి ఎర్తు, ఫ్యూజు సరిగ్గా ఉండాలి, పని తెలిసినవాళ్ళే చేయాలి.

కాయిల్ పట్టు వదలనంత చిన్న అంతరాయం వస్తే ఎలా అని ఒక మిత్రుడు అడిగాడు. మంచి ప్రశ్న. ఏసీ కాయిల్ కొన్ని పదుల మిల్లీసెకన్లలో వదిలేస్తుంది. అంతకంటే చిన్న అంతరాయంలో కెపాసిటర్లు కూడా పూర్తిగా ఖాళీ కావు, కాబట్టి కెపాసిటర్ల దూకుడు పెద్దగా ఉండదు. కోరు దూకుడుకి అవకాశం ఉంది, దానికి స్లో బ్లో ఫ్యూజు తట్టుకుంటుంది. డీసీ రిలేతో కట్టిన రెడీమేడ్ సాఫ్ట్ స్టార్ట్ బోర్డులు కొన్నిటిలో రిలే ముందు పెద్ద కెపాసిటర్ ఉంటుంది. కరెంటు పోయాక కూడా అవి రిలేని కొంతసేపు పట్టుకునే ఉంటాయి, ఆలోపు కరెంటు వస్తే సాఫ్ట్ స్టార్ట్ జరగదు. కొనేముందు అది చూసుకోండి.

రెక్టిఫయర్ యానోడ్లకి నిరోధాలు పెట్టమని కూడా చెబుతాను. సెకండరీ సగం నిరోధం, దానికి ప్రైమరీ నిరోధాన్ని వోల్టేజీల నిష్పత్తి వర్గంతో గుణించి కలిపితే, యానోడ్‌కి కనిపించే మొత్తం వస్తుంది. ప్రైమరీ నాలుగు ఓంలు, సెకండరీ సగం పదిహేను ఓంలు, 230 నుంచి 300 వోల్టులు అయితే అది 22 ఓంల దగ్గర తేలుతుంది. డేటాషీటు అడిగేదానికి ఎంత తగ్గిందో అంత, 10 వాట్ల వైర్‌వౌండ్ నిరోధంగా ఒక్కో యానోడ్‌కి వేయాలి. కొన్ని వోల్టులు తగ్గుతాయి, చెవికి తేడా తెలియదు. యానోడ్లతో వరసలో 1ఎన్4007లు రెండేసి వేస్తే, జీజెడ్ 34 లోపల షార్ట్ అయినా ట్రాన్స్‌ఫార్మర్ మిగులుతుంది. రెండెందుకంటే, 350-0-350 వోల్టుల సెకండరీ మీద వెనక్కి పడే వోల్టేజీ 990 దాకా పోతుంది, ఒక్క డయోడ్ రేటింగు వెయ్యే.

ఇన్వర్టర్, స్టెబిలైజర్ ఉన్నవాళ్ళ మాట

ఇన్వర్టర్ ఉంటే ఇదంతా ఎందుకు అంటారు. ఇన్వర్టర్ మారే వేగం మంచిదైతే కెపాసిటర్లు ఖాళీ కావు, నిజమే. కానీ నునుపైన తరంగం బదులు చదరపు తరంగం ఇచ్చే స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద వాల్వు ఆంప్లిఫయర్ నడపొద్దు. స్క్వేర్ వేవ్‌లో 230 వోల్టులకి శిఖరం కూడా 230 వోల్టులే, 325 కాదు. హీటర్లకి సరిపోతుంది, హై వోల్టేజీ మాత్రం దాదాపు మూడో వంతు పడిపోతుంది. హమ్, అంటే గుయ్‌మనే మోత, పెరుగుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ గురగురలాడుతుంది.

ఫ్రిజ్, ఏసీలకి వాడే టైమ్ డిలే స్టెబిలైజర్ మాత్రం నన్ను కొంచెం ఆలోచనలో పడేసింది. కంప్రెసర్ కోసం పెట్టిన ఆ మూడు నిమిషాల ఆలస్యం మనకి కావలసిందే. ఆ సమయంలో క్యాథోడ్లు చల్లారతాయి, థర్మిస్టర్ చల్లారుతుంది, కరెంటు ఇచ్చేసరికి అది నిజంగా చల్లని స్టార్ట్ అవుతుంది. బటన్ నొక్కాల్సిన పని కూడా లేదు. ఇబ్బంది వోల్టేజీని సరిచేయడానికి దాని ట్యాపులు మార్చే రిలేలతో. వోల్టేజీ ఊగిసలాడే రాత్రుల్లో అవి టక్ టక్ మంటూ మారుతూనే ఉంటాయి, మారిన ప్రతిసారీ ఒక చిన్న అంతరాయం. వినేటప్పుడు స్పీకర్లలో అది తెలుస్తుంది.

ఇక మిగిలింది ఒక్క చర్చ, నా మిత్రుడికీ నాకూ మధ్య ఇంకా నడుస్తోంది. బటన్ ఉన్నంత మాత్రాన సరిపోదు, కరెంటు రాగానే మనిషి ఆత్రంగా నొక్కేస్తాడు, కాబట్టి నిమిషంన్నర దాకా బటన్ పనిచేయకుండా ఒక టైమర్ కూడా పెట్టాలంటాడు ఆయన. ఇంట్లో ఆంప్లిఫయర్ గురించి తెలియనివాళ్ళు కూడా వాడుతుంటే ఆయన మాటే సరైనది. ఒక్కరే వాడుకునే చోట నేను టైమర్ పెట్టను. అదొక భాగం ఎక్కువ, పోయేదానికి ఇంకో కారణం ఎక్కువ. బటన్ పక్కన "రెండు నిమిషాలు ఆగి నొక్కాలి" అని రాసి అంటిస్తాను. వరంగల్ కుర్రాడికి కాంటాక్టర్ కనెక్షన్ కాగితం మీద గీసి, ఫోటో తీసి పంపాను. ఇంట్లో వాళ్ళమ్మ కూడా పాటలు వింటుందని చెప్పాడు కాబట్టి, అతనికి టైమర్ కూడా గీశాను.